ఉరికినోడికి దండ

మొన్న మంగళవారం పొద్దున శామీర్‌పేటలో ఒక పేషెంటును దింపేసి ఖాళీ అంబులెన్సుతో మేడ్చల్ వైపు వస్తుంటే, మా పైలట్ యాదగిరి ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. మా సర్వీసులో డ్రైవర్‌ను పైలట్ అంటారు. మా బండి ఇంతవరకు గాల్లోకి లేచింది స్పీడు బ్రేకర్ల మీద మాత్రమే, అది వేరే సంగతి. వెనక స్ట్రెచర్ పక్కన కునుకు తీస్తున్న నేను ఎగిరి ఆక్సిజన్ సిలిండర్‌ను కావలించుకున్నాను.

"ఏమైందిరా?"

"అన్నా, బయటికి దిగు. సారును సూడు."

దిగి చూశాను. రోడ్డు పక్కన మూడంతస్తుల ఫ్లెక్సీ. ఫ్లెక్సీ నిండా మంటలు. ఎండాకాలం మేడ్చల్ మొత్తం తగలబడినా అన్ని మంటలు రావు. వాటి మధ్యలో మా సారు. ముఖం పెన్షన్ పుస్తకంలోది. మెడ కింది భాగం ఎవరో వస్తాదుది. పైన ఏడుగురు నాయకుల తలకాయలు, ఒక్కొక్కటి సారు తలకు రెండింతలు. కింద ఎర్రని అక్షరాల్లో "ప్రాణాలు లెక్కచేయక మంటల్లోకి దూకిన ధీరునికి అశ్రునివాళి. గురువారం ఉదయం పది గంటలకు సంతాపసభ" అని రాసి ఉంది.

సారు పోయిన సంగతి మాకు అప్పటికే తెలుసు. అంతకు ఐదు రోజుల ముందు, మధ్యాహ్నం పప్పుచారుతో అన్నం తిని, తన ఇంట్లో, తన మంచం మీద పడుకుని మళ్లీ లేవలేదు. డెబ్బై రెండేళ్లు. ఆ కబురు విన్న రోజు నాకు ఏడుపొచ్చింది. ఈ ఫ్లెక్సీ చూస్తే ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ మనిషి జన్మలో దేంట్లోకీ దూకలేదు. మంటల సంగతి అటుంచండి, రోడ్డు మీద వాననీళ్ల గుంట కనిపించినా ఆగి, లోతు చూసి, చుట్టూ తిరిగి పోయే మనిషి. దూకొద్దని చెప్పడానికే పుట్టాడు. అది చెప్పిచెప్పి గొంతు అరగదీసుకున్నాడు.

ఆయన పేరు మాలో చాలామందికి తెలియదు. మాకు బొటనేలు సారు.

అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరయ్యాక, అంబులెన్సుల వాళ్లకు, ఫైర్ వాళ్లకు, హోంగార్డులకు క్లాసులు చెప్పడానికి ఆయనను పిలిచేవారు. ఆ క్లాసు పేరు గూడ్సు బండంత పొడుగు. "ఉగ్రవాద చర్యలు, సామూహిక విధ్వంసక ఆయుధాలపై అత్యవసర సేవల సిబ్బందికి అవగాహన శిబిరం." ఆ బ్యానర్ ఒక గోడకు చాలక మలుపు తిరిగి రెండో గోడ ఎక్కేది. చదవడం ముగించేలోపు టీ వచ్చేది. సారు దాని వంక ఒకసారి చూసి, మా వైపు తిరిగి, మూడు రోజుల చదువునూ ఒక్క ముక్కలో తేల్చేసేవాడు.

"బాంబైనా గంతే, విషమైనా గంతే, గ్యాసైనా గంతే. ఉరకకుండ్రి."

తరవాత కుడి చెయ్యి ముందుకు చాచి, బొటనవేలు నిలబెట్టి, ఎడమ కన్ను మూసేవాడు. ప్రమాదం జరిగిన చోటు మొత్తం ఆ వేలి వెనక దాగిపోవాలి. ఏ కొంచెం బయటికి కనిపించినా నువ్వు మరీ దగ్గరున్నట్టు. వెనక్కి నడువు. మళ్లీ వేలెత్తు. ఆయన బొటనవేలు మామూలుది కాదు, శామీర్‌పేట చెరువు కట్టకు తమ్ముడు. అలాంటి వేలి వెనక కూడా ఏదైనా దాగకపోతే అది నిజంగా ప్రమాదమే.

ఆ వేలు క్లాసుతో ఆగేది కాదు. కనిపించిన ప్రతిదాన్నీ కొలిచేవాడు. టిఫిన్ సెంటర్లో గ్యాసు పొయ్యిని కొలిచి, ఇడ్లీ ప్లేటు పట్టుకుని రోడ్డు అవతలికి పోయి తినేవాడు. కొంపల్లిలో సినిమాకు వెళ్తే ముందు తలుపులన్నీ లెక్కపెట్టి, తెరుచుకుంటాయో లేదో నెట్టి చూసి, అప్పుడు సీట్లో కూర్చునేవాడు. ఆయన ఏ సినిమా మొదలూ చూసి ఎరగడు. ఎన్నికల సభలో వేదికను కొలుస్తుంటే, తమకు మద్దతు చూపిస్తున్నాడనుకుని అభ్యర్థి దణ్ణం పెట్టాడట. ఒక పెళ్లిలో వంటల దగ్గర వరసగా పెట్టిన సిలిండర్లు చూసి పంతులును లేపి మండపం జరిపించబోయాడు. ఆ తరవాత ఆయన భార్య పెళ్లిళ్లకు ఒక్కతే వెళ్లడం మొదలుపెట్టింది.

కళ్లద్దాల కాడకు తెల్లదారం ముక్క వేలాడుతుండేది. గాలి ఎటు కొడుతోందో చెప్పే యంత్రం అదే. మాట్లాడుతూ మాట్లాడుతూ ఓరకంట దారాన్ని చూసుకుని, మనకు పైగాలి పక్కకు, అంటే గాలి వచ్చే దిక్కుకు, జరిగి నిలబడి మాట కొనసాగించేవాడు. ఆయనతో పావుగంట మాట్లాడితే మనం ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టే.

ఆ క్లాసులో ఒక ఆచారం ఉండేది. మొదటి రోజు అటెండెన్సు అవుతుండగానే బయట నుంచి కేక వినిపించేది.

"అన్నా! కాపాడుండ్రే! పానం వోతాందే!"

తలుపు తీస్తే ఆవరణలో ఖాకీ బట్టలతో ఒక మనిషి బోర్లా పడి ఉంటాడు. మొదటి రోజు కదా, అందరం వీరులమే. మా క్లాసులో నేను ముందు ఉరికాను. చిరుతపులిలా ఉరికానని నా జ్ఞాపకం. కల్లు దుకాణం దిక్కు పోయే దున్నపోతులా ఉరికానని యాదగిరి సాక్ష్యం. వెళ్లి ఆ మనిషిని రెండు చేతులా ఎత్తితే, అది పాత యూనిఫారంలో గడ్డి కుక్కిన బొమ్మ. దాని మీద విషానికి బదులు ఆకుపచ్చ గులాల్. నా చేతులకు, ముక్కుకు, మీసాలకు, ఆఖరికి నాలుక మీదికి కూడా గులాల్ వచ్చింది. కేక పెట్టిన సారు గోడ వెనక నుంచి వచ్చాడు. నా జబ్బ పట్టి లోపలికి తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, సంచీలోంచి బంతిపూల దండ తీసి నా మెడలో వేశాడు.

"ఏం డాక్టరూ, పిల్లలెంతమంది?"

అంబులెన్సులో వెనక కూర్చునే ప్రతివాడూ ఆయనకు డాక్టరే.

"ఇద్దరు సార్. ఆడపిల్లలు."

"పేర్లు జెప్పు."

చెప్పాను. అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను.

"నువ్వు సచ్చినవ్. ఇగ వాళ్లకు గోడ మీద గీ ఫొటో ఒక్కటే మిగుల్తది," అని ఫోను పైకెత్తాడు. "మంచిగ నవ్వు."

ఫొటో తీశాడు. 

అప్పుడు మొదలుపెట్టేవాడు. "మొదటి బాంబు జనం కోసం పెడతరు. రెండోది మన కోసం పెడతరు. మనం ఉరికొస్తమని వానికి ఎరుకే. మన మంచితనం మీదనే వాని నమ్మకం."

ఒక హోంగార్డు లేచి అడిగాడు. "మరి మనిషి సస్తుంటె సూస్కుంట నిలబడాల్నా సార్?"

"నిలబడు. గాలి సూడు. ఎవడు పడ్డడు, ఎందుకు పడ్డడు సూడు. ఫోన్ కొట్టు. మాస్కు, సిలిండర్ ఉన్నోడు వచ్చేదాంక ఇంకొకణ్ని లోపలికి వోనియ్యకు. జనం తిడ్తరు, కొడ్తరు. అయినా నిలబడు. ఉరుకుడు అల్కనే బిడ్డా. నిలబడుడే కష్టం."

మూడో రోజు ముగింపులో ప్రతిసారీ ఒకే మాట. "నేను సచ్చినంక నా ఫొటోకు ఎవ్వడు దండెయ్యొద్దు. దండ ఉరికినోడికి. నేను మంచంల సస్త, సూడుండ్రి."

అన్నంత పనీ చేశాడు మహానుభావుడు. ఆయన జీవితంలో అంతకంటే పెద్ద పతకం లేదు.

ఇక పెద్దసారు సంగతి. ఈ శిబిరాలన్నిటికీ, మా సర్వీసుకూ ఆయనే అధికారి. జ్యోతి వెలిగించడానికి వస్తాడు, అగ్గిపుల్ల ఆరేలోపు వెళ్లిపోతాడు. క్లాసు ఒక్కటీ వినలేదు. ఒకసారి శామీర్‌పేట పక్క మైదానంలో మాక్ డ్రిల్ పెట్టారు. ముఖాలకు నల్లగుడ్డలు కట్టుకున్న నలుగురు ఉగ్రవాదులు, వాళ్లకు పొద్దున్నే ఉప్మా, ఒక పొగడబ్బా, గులాల్ చల్లిన గడ్డి బొమ్మ. అవతల పెద్దలు కూర్చోవడానికి శామియానా. సారు కళ్లద్దాల దారం తిన్నగా శామియానా వైపే వేలు చూపిస్తోంది. ఆయన పోయి చెప్పాడు.

"సార్, గాలి మీ మీదికే వస్తాంది. శామియానా అటు దిక్కు మార్పించుండ్రి."

"మాక్ డ్రిల్లే కదండీ! నిజం గ్యాసా ఏమన్నానా?" అన్నాడు పెద్దసారు.

పొగ లేచింది. కెమెరాలు తిరిగాయి. కెమెరాలు తిరిగాక పెద్దసారుకు కూర్చోబుద్ధి కాలేదు. దిగి, పరుగెత్తి, బొమ్మను రెండు చేతులా ఎత్తుకుని పొగలోంచి బయటికొచ్చాడు. తెల్లచొక్కా ఆకుపచ్చ, మీసం ఆకుపచ్చ. మైదానమంతా చప్పట్లు. మా సారు మాత్రం సంచీలో చెయ్యి పెట్టాడు. ఏం తీయబోతున్నాడో తెలిసి నేనూ యాదగిరీ చెరో చెయ్యి పట్టుకున్నాం.

"సార్, నీకు దండం బెడత. ఆయన పెద్దసారు!"

"గాలికి పెద్దసారు, సిన్నసారు తెల్వది. ఇడువుండ్రి నన్ను."

మేం విడవలేదు. విడిస్తే మా ఉద్యోగాలు పొగడబ్బాతోపాటే ఆవిరైపోతాయి. ఆయన దండను మళ్లీ సంచీలోకి నెట్టేశాడు. "గీ దండ మిగిలిపాయె డాక్టరూ," అన్నాడు. మర్నాడు పేపర్లలో బొమ్మను మోస్తున్న పెద్దసారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఫొటోలో ఉన్నది శవమని, అది కూడా ఎత్తుకున్న మనిషిదని, మా క్లాసు విన్నవాళ్లకే తెలుసు.

పోయిన ఏడాది వానాకాలం, పదకొండు గంటల వేళ, దూలపల్లి దిక్కు ఒక కంపెనీ నుంచి ఫోను. ట్యాంకు దగ్గర ఇద్దరు పడిపోయారని. మేం సందు మలుపు తిరిగేసరికి షెడ్డు మీద పసుపుపచ్చని ఆవిరి లేస్తోంది. యాదగిరి గేటు దాకా పోనిస్తున్నాడు.

"ఆపురా!" అని దిగి, చెయ్యి చాచి, ఒక కన్ను మూశాను. షెడ్డు నా వేలికి అటు సగం, ఇటు సగం. వేపచెట్టు ఆకులు మా వైపే ఊగుతున్నాయి. "వెనక్కి తియ్. అటు పక్క నుంచి వద్దాం." అటు పోయి, పైగాలికి బండి పెట్టి, ఫైర్ వాళ్లకు ఫోను కొట్టి మళ్లీ వేలెత్తాను. ఈసారి షెడ్డు మొత్తం దాగింది.

అంత దూరంలో నిలబడ్డాను.

ఇరవై నిమిషాలు. నా పెళ్లి, ఇద్దరు పిల్లల కాన్పులు, పదో తరగతి మూడుసార్లు, అన్నీ కలిపినా అంత పొడుగు ఉండవు.

జనం మూగారు. "అంబులెన్సోడు తమాషా సూస్తుండు!" అని ఒకడు అరిచాడు. ఒకడు నా కాలరు పట్టుకున్నాడు. చెంప మీద ఒకటి పడింది. పది ఫోన్లు పైకి లేచాయి. కంపెనీ సెక్యూరిటీ ఆయన, నా వయసువాడే, తడి తువ్వాలు ముఖానికి కట్టుకుంటూ వచ్చి నా ఎదుట ఆగాడు.

"నువ్వు మనిషివేనా?" అన్నాడు.

"అన్నా, ఉరకకు! వాళ్లొస్తున్నరు, జర ఆగు!"

చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని ఉరికాడు. షెడ్డు తలుపు దాకా ఆయన తువ్వాలు కనిపించింది.

ఫైర్ వాళ్లు ముసుగులు తొడుక్కుని వెళ్లి ముగ్గురిని తెచ్చారు. ఒక కార్మికుడు బతికి ఉన్నాడు. వాణ్ని మేమే దవాఖానకు చేర్చాం, బతికాడు. రెండో కార్మికుడు పోయాడు. సెక్యూరిటీ ఆయన పోయాడు. తరవాత తెలిసింది, కంపెనీలో నాలుగు మాస్కులు ఉన్నాయట. మేనేజరు గదిలో, అద్దాల బీరువాలో, పెళ్లిచూపుల పిల్లల్లా వరసగా. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి. బీరువాకు తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు.

ఆ బీరువాను ఎవరూ వీడియో తీయలేదు. నన్ను తీశారు. అవతల మనుషులు చస్తుంటే ఒక కన్ను మూసి బొటనవేలు చూపిస్తున్న అంబులెన్సువాడు! సాయంత్రానికల్లా నేను భూగోళమంత పేరు సంపాదించాను. బడిలో పిల్లలు మా చిన్నదానికి వేలు చూపించి ఏడిపించారు. వారంలో మెమో వచ్చింది. "విధి నిర్వహణలో నిర్లక్ష్యం, పిరికితనం." సస్పెన్షన్. కింద పెద్దసారు సంతకం, ఎప్పటిలా అందంగా.

నేను నేరుగా మేడ్చల్లో సారు ఇంటికి పోయాను, కొట్లాటకే. ఆయన గేటుకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మీ బొటనేలు నా నౌకరీ తిన్నది సారూ! మీ మాటిని నేను నలుగుర్ల మొకం సూపెట్టకుంటైన!"

ఓదార్చలేదు. "పిల్లల పేర్లేంది?" అన్నాడు.

"మీకు తెల్వదా?"

"జెప్పు."

చెప్పాను.

"రాత్రి వాళ్లతోని కూసోని అన్నం తిన్నవా?"

"తిన్న."

"మల్లేంది?"

 ఆయనే మళ్లీ అడిగాడు, ఈసారి నా వైపు చూడకుండా. "గా సెక్యూరిటాయనకు ఎంతమంది?"

"ముగ్గురట."

"పేర్లు తెల్సా?"

తెలియదు. ఆయన గేటు వైపు తిరిగాడు. "కంపెనీలోళ్లను గూడ క్లాసుకు పిలువుండ్రి, గేటు కాడ ఉండేటోడే ముందుగాల ఉరుకుతడని ఆఫీసుకు నాలుగుసార్లు రాసిచ్చిన. నాలుగుసార్లు, డాక్టరూ. గా కాయితాల మీద బజ్జీలు తిన్నరు." లేచి లోపలికి పోయి, ముఖం కడుక్కుని వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకోవడం మరిచిపోయాడు. దారం లేని ఆయన ముఖాన్ని నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎంక్వైరీ రోజు ఆయనను ఎవరూ పిలవలేదు. పాత ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చేశాడు. బొత్తాలు ప్రాణాలు అరచేత పెట్టుకుని నిలబడి ఉన్నాయి. గదిలోకి రాగానే అలవాటుగా రెండో తలుపు ఎక్కడుందో చూసుకుని, బల్ల మీద క్లాసు రిజిస్టరు పెట్టాడు. నా సంతకం. దాని పక్కన బంతిపూల దండతో నా ఫొటో.

"ఈయన నా క్లాసుల ఒకపారి ఉరికిండు సార్. గా దినం నేనే సంపిన. రెండోసారి సావలే. గదే తప్పైతే నా మీద రాసుకోండ్రి. ఆగుమన్నది నేనే."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండి, మనది సేవ. సేవ అంటే త్యాగం."

"కుర్సీల కూసోని జెప్తే త్యాగం అంటరు సార్. లోపలికి వొయ్యినోడు జేస్తే సచ్చుడు అంటరు."

గదిలో ఫ్యాను కూడా కాసేపు ఆగి తిరిగిందని నా అభిప్రాయం. బతికిన కార్మికుడు కూడా వచ్చి సాక్ష్యం చెప్పడంతో నా ఉద్యోగం నాకు వచ్చింది, ఒక హెచ్చరికతో. "ఘటనా స్థలంలో చేతివేళ్లు ప్రదర్శించరాదు." ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. సారును మాత్రం ఆ నెల నుంచి క్లాసులకు పిలవలేదు. ఇప్పుడు ఆ మూడు రోజుల చదువు ఫోనులో వీడియోగా వస్తుంది. చివర ఒక మీట నొక్కితే అవగాహన కలిగినట్టు సర్టిఫికెట్ రాలుతుంది. మా బండిలో ఒక కుర్రాడు దాన్ని బిర్యానీ తింటూ పూర్తిచేశాడు.

గురువారం సంతాపసభకు పోయాం. మేడ్చల్ ఫంక్షన్ హాలు. వెనక వరసల్లో ఫైర్ వాళ్లు, హోంగార్డులు, అంబులెన్సుల వాళ్లు, ముప్ఫైమంది దాకా. వేదిక మీద సారు ఫొటో. హాలు రెండో తలుపును అలాంటిదే ఇంకో మంటల ఫ్లెక్సీతో మూసి కట్టేశారు. యాదగిరి ఒక్క మాట లేకుండా పోయి, తాళ్లు విప్పి, ఫ్లెక్సీ చుట్టేసి, తలుపు తీసి పెట్టాడు.

పెద్దసారు మైకు పట్టుకున్నాడు. "వెనకాముందు చూసే మనిషి కాదండీ ఆయన! మంట కనపడితే పరుగే! నాతో ఎప్పుడూ అనేవారు, సార్, ప్రాణం పోయినా అడుగు ముందుకే అని!"

వెనక వరసలో ముప్ఫై తలలు నేలకు వంగాయి. నా చెవుల్లోంచి ఆవిరి రావడం పక్కవాళ్లకు కనిపించి ఉండాలి. ఒక మనిషి బతికినన్నాళ్లూ చెప్పిన ఒకే ఒక్క మాటను, మాసికం కూడా కాకముందే తలకిందులు చేసి, దానికి పూలు చల్లుతున్నారు. రేపు దీన్ని విన్న ఏ పిచ్చివాడో తడి తువ్వాలు కట్టుకుని ఉరుకుతాడు.

నివాళికి ఒక్కొక్కరినీ పిలిచారు. నా వంతు వచ్చింది. ఎవరో నా చేతిలో బంతిపూల దండ పెట్టారు. ఫొటో ముందు నిలబడ్డాను. పెన్షన్ పుస్తకంలోని ముఖం. కళ్లద్దాల కాడ నుంచి దారం వేలాడుతోంది. ఫొటో స్టూడియోలో కూడా తీయలేదన్నమాట.

నేను ఫొటోకు దండ వేయలేదు. పక్కకు తిరిగి పెద్దసారు మెడలో వేశాను.

సంతాపసభలో అధికారికి దండేమిటని ఒక్కడూ అడగలేదు. ఆ మెడకు అది అలవాటే, తనంతట తానే వంగింది. ఫొటోగ్రాఫరు ఉరికివచ్చాడు.

"సార్, మీకు పిల్లలెంతమంది?" అన్నాను.

"ఒక్కడే. ఎందుకూ?"

"పేరు జెప్పుండ్రి సార్."

చెప్పాడు, కెమెరా వైపు చూస్తూ. హాలు వెనక కుర్చీలు కిర్రుమన్నాయి.  ముప్ఫైమంది లేచి నిలబడ్డారు. చేతులు చాచి, బొటనవేళ్లు నిలబెట్టి, ఒక్కొక్కరూ ఒక కన్ను మూశారు.

"మంచిగ నవ్వుండ్రి సార్," అన్నాను.

పెద్దసారు నవ్వాడు. వాళ్ల వైపు తానూ ఒక బొటనవేలు ఎత్తాడు, రెండు కళ్లూ తెరిచి.